మెదడు పేరు పెట్టుకున్న ఎస్‌ఎన్‌ఎన్‌టార్చ్: ఫైనలియర్ ప్రాజెక్టుకు ఎంతవరకు పనికొస్తుంది?

అనంతపురం, కర్నూలు, కడప ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టు టైటిల్ వెతికే బ్యాచ్‌లకు ‘బ్రెయిన్ ఇన్‌స్పైర్డ్’ అన్న మాట తగిలితే చాలు, హుషారు వచ్చేస్తుంది. టైటిల్ పెట్టడం తేలికే. దాని వెనక నడిచే కోడు కావాలి కదా! అలా వెతికితే ముందుగా చేతికందేది ఎస్‌ఎన్‌ఎన్‌టార్చ్. ఇది న్యూరల్ నెట్‌వర్క్‌లకు వాడే పైటార్చ్ మీద కట్టిన పైథాన్ లైబ్రరీ. స్పైక్‌లతో, అంటే క్షణకాలపు విద్యుత్ తట్టులతో మాట్లాడుకునే కృత్రిమ న్యూరాన్ల (స్పైకింగ్) నెట్‌వర్క్‌లు కట్టడానికి పనికొస్తుంది. ఉచితం, ఓపెన్ సోర్సు. జేసన్ ఎష్రాఘియన్ మొదలుపెట్టారు. దీని వెనకున్న సిద్ధాంతమంతా 2023లో ప్రొసీడింగ్స్ ఆఫ్ ది ఐఈఈఈలో పెద్ద వ్యాసంగా వచ్చింది.

మార్కులు ముందే వేసేస్తాం. లైబ్రరీతో పాటు ఇచ్చే పాఠాలకు 5కు 5. లైబ్రరీకి 4. మన దగ్గర ఉండే ల్యాప్‌టాప్‌ల మీద వేగానికి 2. కాలంతో పాటు మారే డేటా ఉంటే ధైర్యంగా తీసుకోండి. శెనక్కాయ ఆకుమచ్చ తెగులును ఫొటో చూసి గుర్తుపట్టే ప్రాజెక్టుకైతే ఇది దండగ. ఫొటోలకు వాడే మామూలు కన్వొల్యూషన్ నెట్‌వర్క్ అంతకంటే తొందరగా, అంతకంటే బాగా చేస్తుంది.

మెదడు నుంచి తెచ్చుకున్నది ఇందులో ఎంతుందో తేల్చుకోకపోతే వైవాలో మొదటి ప్రశ్నకే ఇరుక్కుంటారు. న్యూరాన్ మెదడుదే. నేర్పించే పద్ధతి మాత్రం మెదడుది కాదు.

న్యూరాన్ సంగతి చూద్దాం. లైబ్రరీలో ఎక్కువగా వాడేది ‘లీకీ’ అనే కణం. దీని మూలం 1907లో ఫ్రాన్సులో లాపిక్ రాసిన నమూనా. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టు: వచ్చిన కరెంటు నిండుతూ ఉంటుంది, కొంత కారిపోతూ ఉంటుంది, గీత దాటితే ఒక స్పైక్ కొట్టి గీత విలువ మేరకు తగ్గుతుంది. ఒక్కో కాల మెట్టుకు ఎంత మిగులుతుందో చెప్పేది బీటా. ఆ గీతే థ్రెషోల్డ్, మామూలుగా 1. బీటా 0.9 అనుకోండి, మెంబ్రేన్ విలువ, అంటే కణంలో నిండి ఉన్నది, సుమారు ఆరున్నర మెట్లలో సగానికి పడిపోతుంది. ఎడతెగకుండా ఒకే కరెంటు ఇస్తుంటే అది చేరగల గరిష్ఠం కరెంటును (1 − బీటా)తో భాగిస్తే వచ్చినంత. అంటే బీటా 0.9 ఉన్న కణానికి 0.1 కంటే తక్కువ కరెంటు ఇస్తే ఎన్ని మెట్లు నడిపినా స్పైక్ రాదు. బీటా 0.5 అయితే కనీసం 0.5 దాటాలి. ఈ చిన్న లెక్క చాలామంది వేసుకోరు. నెట్‌వర్క్ మూగబోయిందని గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.

ఇక నేర్పించడం. స్పైక్ అంటే 0 లేదా 1. దాని డెరివేటివ్ థ్రెషోల్డ్ దగ్గర తప్ప అన్నిచోట్లా సున్నా. తప్పును చివరి పొర నుంచి వెనక్కి పంపి నెట్‌వర్క్‌ను దిద్దే బ్యాక్‌ప్రాప్ అక్కడ ఆగిపోతుంది. దీనికి వేసిన ఉపాయం సరోగేట్ గ్రేడియంట్ (గ్రేడియంట్ అంటే ఎటు, ఎంత దిద్దాలో చెప్పే విలువ). ముందుకు పోయేటప్పుడు నిజం స్పైకే వాడతారు, వెనక్కి వచ్చేటప్పుడు దాని స్థానంలో నున్నటి వంపు పెడతారు. ఫాస్ట్ సిగ్మాయిడ్ అనే వంపుకు స్లోప్ (నిటారుతనం) 25 ఇస్తే, థ్రెషోల్డ్‌కు 0.04 దూరంలో ఉన్న కణానికి గ్రేడియంట్‌లో నాలుగో వంతు అందుతుంది. 0.2 దూరంలో 36వ వంతు. 1 దూరంలో 676వ వంతు, అంటే ఏమీ లేనట్టే. గీతకు దగ్గర్లో ఉన్నవే నేర్చుకుంటాయి, దూరంగా ఉన్నవి అట్లే నిద్రపోతాయి. పొరలు పెరిగేకొద్దీ ఇది ముదురుతుంది. అలాంటప్పుడు స్లోప్‌ను 25 నుంచి 5, 10 దాకా తగ్గించి చూడాలి.

ఇదంతా కాలం వెంబడి నడిచే బ్యాక్‌ప్రాప్. మెదడు ఇలా నేర్చుకోదని అభ్యంతరం పాతదే. 1989లో శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ క్రిక్ నేచర్ పత్రికలో గట్టిగానే రాశారు. ముందుకు వెళ్లే దారిలోని వెయిట్లు (కణాల మధ్య బంధాల బలాలు) వెనక్కి వచ్చే దారికి అచ్చంగా తెలిసి ఉండాలన్నది అందులో పెద్ద చిక్కు. ఒక సైనాప్స్ (న్యూరాన్లు కలిసే చోటు) బలం ఇంకో సైనాప్స్‌కు ఎలా తెలుస్తుంది? 2016లో లిల్లీక్రాప్ బృందం వెనక్కి వచ్చే దారిలో మారని యాదృచ్ఛిక వెయిట్లు పెట్టినా నెట్‌వర్క్ నేర్చుకుంటుందని చూపించింది. 2022 డిసెంబరులో హింటన్ అసలు వెనక్కి వెళ్లే పనే లేని ఫార్వర్డ్-ఫార్వర్డ్ పద్ధతి ప్రతిపాదించారు. ఆ రెండూ ఎస్‌ఎన్‌ఎన్‌టార్చ్ నడిచే దారి కాదు. అందుకని టైటిల్‌లో ‘మెదడులా నేర్చుకునే నెట్‌వర్క్’ అని రాయకండి. ‘స్పైకింగ్ న్యూరాన్లతో, సరోగేట్ గ్రేడియంట్ శిక్షణతో’ అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇన్‌స్టాల్ చేయడంలో ఒక్కటే జాగ్రత్త. లైబ్రరీ చిన్నదే, బరువంతా పైటార్చ్‌ది. లైనక్స్‌లో మామూలుగా పిప్‌తో టార్చ్ దించితే గ్రాఫిక్స్ కార్డుకు కావాల్సిన సీయూడీఏ ప్యాకేజీలు కూడా వెంటబడి గిగాబైట్ల లెక్కన దిగుతాయి. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద హాట్‌స్పాట్ పెట్టుకున్నవాళ్లకు ఆ రోజు అక్కడితో సరి. గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ అయితే పైటార్చ్ సైట్‌లో సీపీయూ రకం ఎంచుకుని, అది చూపించిన కమాండ్‌తోనే ముందు టార్చ్ దించండి. ఆ తర్వాతే ఎస్‌ఎన్‌ఎన్‌టార్చ్. గూగుల్ ఆన్‌లైన్‌లో ఇచ్చే కొలాబ్‌లో అయితే టార్చ్ ముందే ఉంటుంది, ఒక్క లైనుతో పని అయిపోతుంది.

పాఠాలు ఈ లైబ్రరీకి ప్రాణం. వరసగా చదవండి, మధ్యలో దూకొద్దు. అయిదో పాఠంలో ఎమ్‌నిస్ట్ అనే చేతిరాత అంకెల ఫొటోలతో పూర్తి నెట్‌వర్క్ ఉంటుంది: 784 ఇన్‌పుట్లు, 1000 కణాల మధ్య పొర, 10 అవుట్‌పుట్లు, 25 కాల మెట్లు, బీటా 0.95, బ్యాచ్ (ఒకసారికి ఇచ్చే ఫొటోలు) 128, వెయిట్లను దిద్దే పద్ధతి ఆడమ్, లెర్నింగ్ రేటు 0.0005. ఒక్క ఎపోక్‌కే, అంటే డేటా మొత్తాన్ని ఒకసారి చూపిస్తేనే, 94 శాతం దగ్గరికి వస్తుంది. ఇదే సైజు మామూలు నెట్‌వర్క్ కొన్ని ఎపోక్‌లలో 98 దాకా పోతుంది కాబట్టి ఈ అంకెతో గొప్పలు పోకూడదు. పాఠం ఉద్దేశం గొప్పలు కాదు, ప్రతి మెట్టులో ఏం జరుగుతుందో చూపించడం. ఆ పని చక్కగా చేస్తుంది.

ఆ పాఠంలో లాస్ (జవాబు ఎంత తప్పిందో చెప్పే) విలువ చూసి కంగారు పడేవాళ్లు ఉంటారు. మొదట్లో 50, 60 అని కనబడుతుంది. అక్కడ లాస్‌ను 25 మెట్ల మీదా కూడతారు. పది తరగతుల్లో గుడ్డిగా ఊహిస్తే ఒక్క మెట్టుకు లాస్ 2.30 కాబట్టి 25 మెట్లకు 57.6. అంతే సంగతి. దీన్నే తిరగేసి వాడుకోవచ్చు. లైబ్రరీలో ఉన్న, స్పైక్‌ల మీద లెక్కించే రేట్ లాస్ మెట్ల సగటు తీస్తుంది. అది 2.30 దగ్గర మేకు కొట్టినట్టు కదలకుండా ఉంటే అవుట్‌పుట్ పొర ఒక్క స్పైక్ కూడా కొట్టడం లేదన్న అనుమానం రావాలి. స్పైక్ రికార్డు సగటు ప్రింట్ చేయండి. సున్నా వస్తే బీటా పెంచాలి, లేదా థ్రెషోల్డ్ తగ్గించాలి, లేదా లాస్‌ను స్పైక్ మీద కాకుండా మెంబ్రేన్ మీద లెక్కించాలి. మూడోది తొందరగా దారికి తెస్తుంది.

ఆ పాఠం కోడులో వేగానికి ఒక చిన్న సవరణ ఉంది. ఫొటోను స్పైక్‌లుగా మార్చకుండా ప్రతి మెట్టులో అదే ఫొటోను నేరుగా ఇస్తారు. అయినా మొదటి పొర గుణకారం లూపు లోపలే ఉంటుంది, అంటే 25 సార్లు అదే జవాబు లెక్కవేస్తుంది. ఆ లైను లూపు బయటికి తెస్తే ఫలితం మారదు, పని మాత్రం బాగా తగ్గుతుంది.

ఎర్రర్ చూపించకుండా ముంచే తప్పులు వేరే ఉన్నాయి. ఫొటోను స్పైక్‌లుగా మార్చే రేట్ కోడింగ్‌లో పిక్సెల్ విలువే స్పైక్ వచ్చే అవకాశం. అది 0 నుంచి 1 మధ్యలో ఉండాలి. వేరే ప్రాజెక్టు నుంచి కాపీ కొట్టిన నార్మలైజేషన్‌లో సగటు 0.5, విచలనం 0.5 ఉంటే డేటా −1 నుంచి 1కి మారిపోతుంది. లైబ్రరీ నెగెటివ్ విలువలన్నిటినీ సున్నాకు కత్తిరిస్తుంది, కిమ్మనదు. బూడిద రంగు ఛాయల్లో సగం పోయాయని మీకు తెలిసే దారే లేదు. పాఠంలో సగటు 0, విచలనం 1 అని పెట్టింది ఇందుకే. మెట్లు తక్కువైతే రేట్ కోడింగ్‌లో గోల కూడా ఎక్కువ: సగం వెలుగున్న పిక్సెల్‌కు 25 మెట్లలో ప్రామాణిక విచలనం 0.1, దాన్ని సగం చేయాలంటే 100 మెట్లు కావాలి.

రెండోది కొలతల వరస. ఈ లైబ్రరీ లాస్‌లకు కాలం ముందు, బ్యాచ్ తర్వాత. మన డేటాలోడర్లు మామూలుగా బ్యాచ్ ముందు ఇస్తాయి. సంఖ్యలు వేరువేరు అయితే లాస్ దగ్గర ఎర్రర్ వచ్చి బతికిపోతారు. బ్యాచ్ 100, మెట్లు 100 అని గుండు సంఖ్యలు పెట్టుకున్నారో, ఎర్రర్ లేకుండా నడిచి గుడ్డి ఊహ దగ్గరే ఉండిపోతుంది. అభివృద్ధి దశలో ఈ రెంటికీ కావాలనే వేరే సంఖ్యలు పెట్టండి.

మూడోది అందరికీ వచ్చేదే: రెండోసారి బ్యాక్‌వర్డ్ చేయబోతున్నావని పైటార్చ్ అరుస్తుంది. న్యూరాన్ల పాత స్థితి పాత గ్రాఫ్‌తో (లెక్కల జాడతో) సహా కొత్త బ్యాచ్‌లోకి వచ్చేసింది. హిడెన్ స్థితిని లేయరే దాచుకునేలా పెట్టినప్పుడు ప్రతి బ్యాచ్ మొదట్లో ఆ స్థితిని చెరిపే యుటిల్స్ రీసెట్ పిలవాలి. చాట్‌బాట్‌ను అడిగితే రిటెయిన్ గ్రాఫ్ ట్రూ పెట్టమని సలహా ఇవ్వవచ్చు. అది పెడితే ఆ ఎర్రర్ పోయినా ఇంకో ఎర్రర్ రావచ్చు, లేదా పాత గ్రాఫ్‌లు పేరుకుపోయి మెమరీ ఊడ్చుకుపోతుంది.

మెమరీ మాట వచ్చింది కాబట్టి: వెనక్కి రావడానికి అన్ని మెట్ల విలువలూ దాచిపెట్టాలి. 25 మెట్లను 100 చేస్తే ఆ దాపు నాలుగింతలు. కార్డు చాలకపోతే ముందు బ్యాచ్‌ను 128 నుంచి 32కు దించండి. అప్పటికీ చాలకపోతే లైబ్రరీలో ఉన్న, మెట్లను ముక్కలుగా తెంచే ట్రంకేటెడ్ రకం బ్యాక్‌ప్రాప్ వాడండి, కానీ తెంచిన చోటికి ముందున్న కారణాలను అది నేర్చుకోలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పొద్దున ఒక మోడల్, మధ్యాహ్నం రెండు గంటలకు ఇంకో మోడల్ నడిపి టైములు పోల్చితే ఆ పట్టిక చెల్లదు. రెండూ ఒకదాని వెంట ఒకటి, మార్చి మార్చి నడపాలి. ప్రతి ఎపోక్‌కూ మోడల్, ఆప్టిమైజర్ రెండూ సేవ్ చేసుకోవాలి. కరెంటు పోయినా, కొలాబ్ తెగిపోయినా మళ్లీ మొదటికి రాకుండా ఉంటుంది.

ఈ సీమలో ఈ లైబ్రరీకి తగిన పని ఏదని అడిగితే, మా ఓటు బోరు మోటారుకు. నీళ్లు తగ్గిన బోరు ఆగి ఆగి పోస్తుంది, ఆంపియర్లు ఎక్కి దిగుతుంటాయి. పూర్తిగా ఎండిపోవడాన్ని పట్టుకోవడానికి న్యూరాన్లు అక్కర్లేదు, ఒక డ్రై రన్ రిలే చాలు. ఎక్కి దిగే ఆ లయను ముందుగా పసిగట్టడం కాలంతో ముడిపడిన పని. అది స్పైకింగ్ నెట్‌వర్క్‌కు సహజం.

తీగ చుట్టూ తగిలించి కరెంటు కొలిచే ఎస్‌సీటీ-013 క్లాంప్ సెన్సరు, దాన్ని చదివే ఈఎస్‌పీ32 బోర్డు సరిపోతాయి. క్లాంప్‌ను ఒక్క ఫేజు తీగకే తగిలించాలి, మొత్తం కేబుల్ చుట్టూ వేస్తే సున్నా దగ్గరే చూపిస్తుంది. 30 ఆంపియర్లకు 1 వోల్టు ఇచ్చే రకం తీసుకుంటే బర్డెన్ రెసిస్టరు (సెన్సరు కరెంటును వోల్టేజీగా మార్చేది) బెడద ఉండదు. బోర్డు నెగెటివ్ వోల్టేజీ చదవలేదు కాబట్టి సిగ్నల్‌ను రెండు సమాన రెసిస్టర్లతో 1.65 వోల్టుల దగ్గరికి ఎత్తాలి. స్టార్టరు పెట్టె తెరిచే పని ఎలక్ట్రీషియన్‌కు వదలండి.

ముడి తరంగాన్ని నేరుగా స్పైక్‌లుగా మార్చొద్దు. 50 హెర్ట్జ్ కరెంటు తనంతట తానే ఎక్కి దిగుతుంది కాబట్టి స్పైక్‌లన్నీ దాని చప్పుడే అవుతాయి. 100 మిల్లీసెకన్లకు ఒక ఆర్‌ఎంఎస్ (ఎక్కి దిగే కరెంటు సగటు బలం) విలువ తీయండి, అందులో సరిగ్గా 5 సైకిళ్లు పడతాయి. నెట్‌వర్క్‌కు ఒకసారికి ఇచ్చే ముక్కే కిటికీ; 10 సెకన్ల కిటికీ అంటే 100 మెట్లు. మోటారు ఆన్ చేసిన తొలి క్షణాల్లో కరెంటు నడిచేటప్పటికంటే కొన్ని రెట్లు ఎగుస్తుంది, ఆ ముక్క కోసేయండి.

తర్వాత డెల్టా కోడింగ్, అంటే విలువ మారినప్పుడే స్పైక్ కొట్టడం. లైబ్రరీ డెల్టా ఫంక్షన్ పక్కపక్క రెండు విలువలనే పోలుస్తుంది. థ్రెషోల్డ్ 0.5 ఆంపియర్లు పెట్టి, కరెంటు మెట్టుకు 0.1 చొప్పున 30 మెట్లలో 3 ఆంపియర్లు దిగిందనుకోండి, ఒక్క స్పైక్ కూడా రాదు. బోరు మెల్లగా దిగజారడమే మనకు కావాల్సింది, అదే కనబడకుండా పోతుంది! చివరిసారి స్పైక్ కొట్టినప్పటి విలువను గుర్తుపెట్టుకుని దానితో పోల్చే ఫంక్షన్ పది లైన్లలో సొంతంగా రాసుకోవాలి. ఇంకో సంగతి: తగ్గుదలకు కూడా స్పైక్ కావాలంటే ఆఫ్ స్పైక్ ఐచ్ఛికం ఆన్ చేయాలి, లేకపోతే పెరుగుదలే లెక్కకు వస్తుంది.

బీటాను ఇక్కడ గుడ్డిగా 0.9 పెట్టొద్దు. మెట్టు 0.1 సెకను, కణం జ్ఞాపకం 1 సెకను కావాలంటే బీటా 0.905. 5 సెకన్లు కావాలంటే 0.98. కిటికీ మొదట్లో జరిగింది 100 మెట్ల తర్వాత 0.98 దగ్గర 13 శాతం మిగులుతుంది, 0.905 దగ్గర ఏమీ మిగలదు. ఒక పొరకు ఒకే బీటా కాకుండా కణానికొకటి చొప్పున వెక్టర్ ఇచ్చి, నేర్చుకునే ఐచ్ఛికం ఆన్ చేస్తే పొట్టి, పొడుగు జ్ఞాపకాలు రెండూ దొరుకుతాయి. డేటాను ట్రెయిన్, టెస్టుగా విడదీసేటప్పుడు కిటికీలను కలిపి పంచొద్దు, రోజుల వారీగా విడదీయండి. ఒకదాని మీద ఒకటి పడే కిటికీలు రెండు వైపులా చేరితే 99 శాతం వచ్చినా అది బట్టీ చదువే. బోరు ఇబ్బంది పడ్డ కిటికీలు ఎప్పుడూ తక్కువే ఉంటాయి కాబట్టి మొత్తం అక్యురసీ కాదు, వాటిలో ఎన్ని పట్టుకుందో రాయాలి.

కరెంటు ఆదా దగ్గరికి వద్దాం. ప్రాజెక్టు రిపోర్టుల్లో అబద్ధం ఎక్కువగా చేరే చోటు ఇదే. మెదడు 86 బిలియన్ల న్యూరాన్లతో 20 వాట్ల దగ్గర నడుస్తుంది, నిజమే. ఐబీఎం 2014లో చూపించిన ట్రూనార్త్ చిప్పు 10 లక్షల న్యూరాన్లతో 70 మిల్లీవాట్ల దగ్గర నడిచింది, అదీ నిజమే. మీ ల్యాప్‌టాప్ మీద మాత్రం సున్నాతో గుణించడానికీ అంతే సమయం, అంతే కరెంటు. పైగా 25 మెట్లు తిరగాలి. ఇంటెల్ లోయిహి లాంటి న్యూరోమార్ఫిక్ (మెదడు తరహా) చిప్పులు పరిశోధన బృందాల చేతుల్లో ఉంటాయి, దుకాణంలో కొని తెచ్చుకునేవి కావు.

కాగితం మీద లెక్క వేయాలంటే హోరోవిట్జ్ 2014లో ఇచ్చిన 45 నానోమీటర్ల అంకెలు వాడతారు: 32 బిట్ల ఫ్లోటింగ్ గుణకారం 3.7 పికోజౌళ్లు, కూడిక 0.9. మామూలు నెట్‌వర్క్‌లో ఒక్కో వెయిట్‌కు రెండూ కలిపి 4.6. స్పైక్ వచ్చినప్పుడు కూడిక ఒక్కటే, 0.9. అంటే కాల మెట్లను స్పైక్ రేటుతో గుణిస్తే 5.1 దాటకూడదు, దాటితే స్పైకింగ్ నెట్‌వర్కే ఎక్కువ తింటుంది. 25 మెట్లకు రేటు 20 శాతం లోపు ఉండాలి, 100 మెట్లకు 5 శాతం లోపు. ఈ లెక్కలో మెమరీ నుంచి వెయిట్లు చదివే ఖర్చు లేదు, అసలు ఖర్చు అక్కడే ఉంటుంది. అయిదో పాఠం నెట్‌వర్క్ చూడండి: 7,94,000 వెయిట్లలో 7,84,000 మొదటి పొరవే. దానికి వెళ్లేది ఫొటో, స్పైక్‌లు కాదు. కాబట్టి గుణకారం పోయేది మిగతా 10,000 వెయిట్ల దగ్గరే. ‘90 శాతం విద్యుత్ ఆదా’ అని రెడీమేడ్ రిపోర్టుల్లో కనబడే లైనును ఈ ఒక్క అంకెతో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కూల్చేయగలరు.

వెలుగు మారిన చోటునే నమోదు చేసే ఈవెంట్ కెమెరా డేటా కావాలంటే టోనిక్ అనే తోడు లైబ్రరీ ఉంది, ఏడో పాఠం దాని మీదే. అలాంటి కెమెరాతో తీసిన ఎమ్‌నిస్ట్, అంటే ఎన్-ఎమ్‌నిస్ట్, అక్కడ 34 × 34 సైజులో, వెలుగు పెరిగిన, తగ్గిన రెండు ఛానెళ్లతో వస్తుంది. డిస్కు క్యాష్ వాడితే రెండోసారి నుంచి వేగంగా లోడవుతుంది. కిటికీ పొడవు మార్చి మళ్లీ నడిపినప్పుడు మాత్రం పాత క్యాష్ ఫోల్డర్ చెరిపేయండి, లేకపోతే కొత్త సెట్టింగు అనుకుంటూ పాత డేటానే వాడతారు.

బ్యాక్‌ప్రాప్ అసలే వద్దు, సైనాప్స్‌లు తమంతట తామే మారాలి అనుకునేవాళ్లకు బైండ్స్‌నెట్ లైబ్రరీ మేలు. స్పైక్‌ల ముందు వెనకలను బట్టి వెయిట్ మారే ఎస్‌టీడీపీ నియమం అందులో ముందు వరసలో ఉంటుంది. డీల్, కుక్ 2015లో ఆ దారిలోనే, 6,400 కణాలతో, శిక్షణలో లేబుళ్లు వాడకుండా ఎమ్‌నిస్ట్ మీద 95 శాతం తెచ్చారు. లేబుళ్లు అక్కరకొచ్చింది ఏ కణం ఏ అంకెకు పలుకుతుందో చివర్లో పేరు పెట్టడానికే. జీవశాస్త్రం వైపు మొగ్గు ఉంటే బ్రయాన్ 2 సిమ్యులేటరు చూడండి, సమీకరణాలు రాసినవి రాసినట్టే తీసుకుంటుంది. డిసెంబరులో టైటిల్ ఖాయం చేసి మార్చిలో రిపోర్టు ఇవ్వాల్సిన బ్యాచ్‌కు మాత్రం ఎస్‌ఎన్‌ఎన్‌టార్చే. మొదటి వారం అయిదు పాఠాలు, రెండో వారం సొంత డేటాతో వంద మెట్ల చిన్న నెట్‌వర్క్, దాని పక్కనే అదే డేటా మీద కాలంతో మారే డేటాకు వాడే మామూలు జీఆర్‌యూ నెట్‌వర్క్ ఒకటి. రెండో వారం చివరికి జీఆర్‌యూ చాలా ముందుంటే టైటిల్ మార్చుకోవడానికి ఇంకా టైముంటుంది.